మూడు ‘మ’లు చూశాకే మెగ్‌సల్ఫ్: నర్సింగ్ పరీక్షల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఎక్లాంప్సియాలో (బీపీ పెరిగి గర్భిణికి, బాలింతకు వచ్చే ఫిట్స్‌లో) ఇచ్చే మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్) డోసూ, విషలక్షణాలూ ఎన్నిసార్లు చదివినా హాల్లో కూర్చోగానే కలగాపులగం అయిపోతున్నాయండి. గుర్తుండే దారేదైనా ఉందా?
– జి.ఎన్.ఎం. మూడో సంవత్సరం విద్యార్థిని, అమలాపురం

జవాబు: ఇంగ్లీషు పొట్టి అక్షరాలు పక్కన పెట్టండి. మూడు ‘మ’లు చాలు: మోకాలు, ముక్కు, మూత్రం. మోకాలి చిప్ప కింద తడితే కాలు ఎగరాలి. ముక్కు, అంటే శ్వాస, నిమిషానికి 16కు తగ్గకూడదు. మూత్రం గడిచిన నాలుగు గంటల్లోనూ గంటకు 30 మి.లీ. అయినా వచ్చుండాలి. ఒక్కటి తప్పినా తర్వాతి డోసు ఆపాల్సిందే. అమెరికా పరీక్షల పుస్తకాల్లో శ్వాసకు హద్దు 12 అని ఉంటుంది. మీరు రాసేది ఏ పరీక్షో చూసుకోండి.

రక్తంలో మెగ్నీషియం పెరిగితే ముందు పోయేది మోకాలి రిఫ్లెక్స్, తర్వాత శ్వాస, చివరికి గుండె. ‘తొలి లక్షణం’ అడిగితే మోకాలే రాయాలి. మూత్రం తగ్గడం లక్షణం కాదు, కారణం: ఈ మందు కిడ్నీల గుండానే బయటికి పోతుంది గనక, అక్కడ అడ్డుపడితే ఒంట్లో పేరుకుంటుంది. వెన్నులో మత్తిచ్చిన ఆవిడకు మోకాలు ఎలాగూ కదలదు, మోచేతి రిఫ్లెక్స్ చూడాలి. విరుగుడు 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ., అంటే 1 గ్రాము, ఐ.వి.లో (రక్తనాళంలోకి) మెల్లగా 10 నిమిషాల్లో. అంతకన్నా ముందు మెగ్‌సల్ఫ్ ఆపాలి. ఆప్షన్లలో రెండూ ఉంటే మొదటి పని ఆపడమే.

డోసు ఆంపూళ్లలో లెక్కేసుకోండి. 50 శాతం మందు 2 మి.లీ. ఆంపూల్‌లో ఉండేది 1 గ్రాము. తొలి డోసులో 4 ఆంపూళ్లు (8 మి.లీ.) 12 మి.లీ. సెలైన్‌లో కలిపితే 20 శాతం ద్రావణం 20 మి.లీ. అవుతుంది, అది ఐ.వి.లో 5 నిమిషాలకు తగ్గకుండా. వెంటనే ఒక్కో పిరుదుకు 5 గ్రాములు, అంటే 10 మి.లీ. చొప్పున. మొత్తం 14 ఆంపూళ్లు. ఆ తర్వాత నాలుగు గంటలకోసారి 5 గ్రాములు, పిరుదు మార్చి మార్చి.

ప్రశ్న: సెలైన్ చుక్కల లెక్క తొందరగా తేలాలంటే?
– స్టాఫ్ నర్స్ పోస్టుకు చదువుతున్న అభ్యర్థి, భీమవరం

జవాబు: 20 చుక్కల సెట్టయితే (మి.లీ.కు 20 చుక్కలు పడేది) గంటకెన్ని మి.లీ.యో దాన్ని 3తో భాగించండి, నిమిషానికి ఎన్ని చుక్కలో వస్తుంది; 15 చుక్కలదైతే 4తో. మైక్రో సెట్టుకు (మి.లీ.కు 60 చుక్కలది) భాగహారమే లేదు. 500 మి.లీ. నాలుగు గంటల్లో అంటే గంటకు 125. 20 సెట్టుకు నిమిషానికి 42 చుక్కలు. ఎన్ని చుక్కల సెట్టో కవరు మీదే ఉంటుంది.

ప్రశ్న: రెండు ఇన్సులిన్లు కలిపేటప్పుడు ఏది ముందండీ?
– పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: సీసాలోకి గాలి ఎక్కించేది మడ్డిదానికి ముందు, మందు లాగేది తేటదానికి ముందు. చిల్లగింజతో తేర్చిన గోదారి నీళ్లలా కనిపించేది రెగ్యులర్, మడ్డిగా ఉండేది ఎన్.పి.హెచ్. మడ్డిది తేట సీసాలో పడితే దాని వేగం చెడుతుంది. గ్లార్జిన్ అనే ఇన్సులిన్ తేటగానే ఉన్నా దేంతోనూ కలపరు, ప్రశ్నపత్రంలో మెలిక అక్కడే పెడతారు. సిరంజి కూడా చూడండి: మి.లీ.కు 40 యూనిట్లుండే సీసాకు ఎర్ర మూత సిరంజే వాడాలి. పొరపాటున 100 యూనిట్ల సిరంజిలో 20 గీత దాకా లాగితే రోగికి అందేది 8 యూనిట్లే.