పన్నీరు గులాబీ కొనకు, అడుగు

తల్లీ,

ఫోటోలు చూశాను. పెరడు బాగుంది, బావి గట్టు బాగుంది, ఆ పన్నెండు నల్ల కవర్లు చూస్తేనే నవ్వొచ్చింది. మా అమ్మ నీ జడలో పెట్టేదే, ఆ వాసన పువ్వే కావాలి అత్తా అన్నావు, తీరా కొన్నవన్నీ అంటు మొక్కలు. పువ్వు అరచేయంత ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ ఉండదు.

నేనూ ఇదే చేశానులే. కాపరానికొచ్చిన కొత్తలో ఒక నర్సరీలో పన్నీరు అని ఇస్తే తెచ్చి నాటాను. రెండేళ్ళు ఎర్రటి పూలు పూసి, మూడో ఏడు గుత్తులు గుత్తులుగా చిన్న తెల్ల పూలు పూసింది. మొక్క రంగు మార్చిందని ఊరంతా చెప్పుకున్నాను కూడా. పైన కట్టిన అంటు చచ్చిపోయి, కింది వేరు మొక్క లేచిందని చాన్నాళ్ళకి గాని తెలియలేదు. నీ వాటికీ అంటు ముడి కిందనుంచి చిగురొస్తే మొదట్లోనే పీకెయ్. ఏడాకులుంటే దొంగ కొమ్మ, అయిదాకులుంటే మంచిది అని ఎవరో చెబుతారు, నమ్మకు, పాత గులాబీలకీ ఏడాకులొస్తాయి. ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడు, అంతే.

మనం పన్నీరు అనుకునే పువ్వు కథ చెప్పాలి నీకు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజులో అత్తరు తీసేది వేరే గులాబీ, డమాస్క్ అంటారు, అది చలి ఉన్నచోట మార్చి, ఏప్రిల్‌లలో ఒక్కసారి పూసి ఊరుకుంటుంది. మన వేడికి దాన్ని తెచ్చుకుని ఏడవకు. మన పెరళ్ళలో ఏడాది పొడుగునా పూసే గులాబీరంగు ముద్ద పువ్వు చాలా చోట్ల ఎడ్వర్డ్ గులాబీ అనేది. హిందూ మహాసముద్రంలో రీయూనియన్ అని ఒక దీవి ఉంది, ఒకప్పుడు దాని పేరు బూర్బన్. అక్కడ పొలాల చుట్టూ కంచెగా డమాస్క్ గులాబీ, చైనా గులాబీ కలిపి వేసేవాళ్ళట, ఆ రెండూ కలిసి 1800 తర్వాత తొలి రోజుల్లో పుట్టిన వంశం ఇది. వాసన ఒక వైపు నుంచి, విడవకుండా పూసే గుణం రెండో వైపు నుంచి వచ్చాయి. కంచెలో పుట్టింది కాబట్టి కుండీలో కంటే కంచెలోనే సుఖంగా ఉంటుంది.

అందుకే కొనకు, అడుగు. మీ వీధిలోనే ఏ పాతింటి గోడ పక్కనో ఉంటుంది. పొద్దున ఎండెక్కకముందు వెళ్ళి పువ్వు వాసన చూడు, నచ్చితే కొమ్మ అడుగు. పూత అయిపోయిన కొమ్మలో పెన్సిలంత లావున్న చోట జానెడు ముక్క చాలు. కింద కణుపుకి ఆనుకుని ఏటవాలుగా కొయ్యి, పైన అడ్డంగా కొయ్యి, తలకిందులుగా పాతకుండా అదే గుర్తు. కింది ఆకులు తీసేసి రెండు కణుపులు మట్టిలోకి వెళ్ళేలా, ఇసుక కలిపిన మట్టిలో, చెట్టు నీడన పెట్టు. రెండు వారాలకే చిగురేస్తుంది, అది చూసి సంబరపడి పీకి ఎండలో నాటకు. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న బలంతో వచ్చింది, వేరింకా లేదు. రెండు నెలలు ముట్టుకోకు. నువ్వు చిన్నప్పుడు శనగ విత్తు నాటి రోజూ తవ్వి చూసేదానివి, అందుకే ఇంత చెబుతున్నా.

మీది నల్లరేగడి, అసలు చిక్కంతా అక్కడే. గొయ్యి తవ్వి మంచి మట్టి నింపమని అందరూ చెబుతారు. రేగడిలో ఆ గొయ్యి కుండలా నీళ్ళు పట్టేస్తుంది, వానాకాలంలో వేరు కుళ్ళుతుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి అడుగెత్తు గట్టు పోసి దాని మీద నాటు, మొక్కకీ మొక్కకీ నాలుగడుగులు వదులు. ఆరు గంటల ఎండ ఉండాలి. బావి పక్క మామిడి కింద అని రాశావు, అక్కడ ఆకులు తప్ప ఏమీ రావు.

నీళ్ళు మొక్క మొదట్లో పొయ్యి, పొద్దున పూట. సాయంత్రం ఆకుల మీద పోస్తే నల్ల మచ్చ తెగులు వస్తుంది. ఎండాకాలంలో ఆకు వెనక దుమ్ములా నల్లి పురుగు పడుతుంది, దానికి మాత్రం పైపు పెట్టి ఆకు అడుగున గట్టిగా కొట్టు, పొద్దునే. కొమ్మ చివర నుంచి నల్లబడి ఎండుతుంటే పచ్చదనం కనిపించే దాకా కోసి, కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు ముద్దలా కలిపి ఆ కోతకి పూయి. వాడేసిన టీ పొడి వేస్తే వెయ్యి, కడిగి వెయ్యి, పంచదార ఉంటే చీమల పుట్టే.

కత్తిరింపు కార్తీకంలో, వానలు వెనక్కి తగ్గాక. అంటు గులాబీల్లా మోకాటి ఎత్తుకి నరికెయ్యకు, దీనికి కోపం వస్తుంది. ఎండువి, పుల్లల్లాంటివి తీసేసి, మిగతా వాటిలో మూడో వంతు కోస్తే చాలు. తర్వాత మొక్క మొదట్లో చిన్న గంపెడు ఎరువు, గుప్పెడు వేపపిండి. నెలన్నరకి పూత, అంటే ధనుర్మాసంలో గొబ్బెమ్మలకి అందుతుంది. పొడుగ్గా పెరిగే కొమ్మల్ని మాత్రం కొయ్యకు, మెల్లగా వంచి కంచెకి అడ్డంగా కట్టు. నిలువుగా ఉంటే కొనన ఒక్క గుత్తే పూస్తుంది, పడుకోబెడితే ప్రతి కణుపూ లేస్తుంది. ఇది నాకు చెప్పినవాళ్ళు లేరు, ఒకసారి గాలివానకి మొక్క కంచె మీద పడిపోతే తెలిసింది.

నీ పన్నెండూ ముందు వైపు వెయ్యి, వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. వెనక పెరడు ఖాళీగా ఉంచు. మీ వీధిలో దొరక్కపోతే కార్తీకంలో రా, నేను కత్తిరించే రోజు ముందే ఫోన్ చేస్తాను. పాత నూలు గుడ్డ ఒకటి తెచ్చుకో, కొమ్మలు తడిపి చుట్టి ఇస్తాను. బస్సులో కిటికీ పక్కన పెట్టకు, కాళ్ళ దగ్గర పెట్టుకో.

మీ అత్త