పూచీ నాది అనే ముందు

రాజమండ్రి, దానవాయిపేట

చిరంజీవి సింధుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి మీ అమ్మ ఫోన్ చేసింది. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. "అంతా నీవల్లేనక్కా" అని మొదలుపెట్టింది. బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం మానేసి ఏడుగురున్న కంపెనీలో చేరుతున్నావట. తెలుగువాళ్లు గుంపులుగా చేరి మాట్లాడుకునే యాప్ అట, ఆ వచ్చే జనాన్ని చూసుకునే పని నీదట. జీతం సగానికి సగం తక్కువట. మీ అమ్మ ఏడ్చింది జీతం గురించి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అది కాదు.

నిజం చెప్పొద్దూ, ముందు నవ్వొచ్చింది. 2008 వేసవి సెలవుల్లో మా ఇంటికొచ్చి నాకు ఆర్కుట్ అనే కబుర్ల సైట్లో అకౌంట్ తెరిచి ఇచ్చిందెవరు? పదేళ్ల పిల్లవి. పాస్‌వర్డ్‌గా మీ వీధి కుక్క పేరు పెట్టావు. "పెద్దమ్మా, ఇక్కడ స్క్రాప్ రాస్తే అవతలివాళ్లకి కనిపిస్తుంది" అని నా వేలు పట్టుకుని మౌస్ నొక్కించావు. ఇరవై నాలుగేళ్లు ఫోన్లు కలిపిన దాన్ని, నాకే పాఠం చెప్పావు. అందుకే మీ అమ్మ మాటలో కొంచెం న్యాయం లేకపోలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. ఆఫర్ లెటర్ ఆసాంతం చదువు. పీఎఫ్, ఇన్సూరెన్స్ సంగతి అడుగు. షేర్లిస్తామంటే ఎన్నేళ్లకి చేతికొస్తాయో కాగితం మీద చూపించమను. మామూలుగా నాలుగేళ్లు పెడతారు, ఏడాది తిరక్కుండా మానేస్తే చేతికేమీ రాదు. ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని రాజీనామా ఇవ్వు. ఇవన్నీ మీ నాన్న నాకంటే బాగా చెబుతాడు.

నేను 1984లో ట్రంకు ఎక్స్ఛేంజిలో, అంటే దూరపు ఊళ్లకి ఫోన్లు కలిపే ఆఫీసులో, ఆపరేటర్‌గా చేరాను. నువ్వు చేరబోయే పని అప్పుడు నేను చేసిన పనికి దగ్గర చుట్టమే. చెవులకి హెడ్‌సెట్, ఎదురుగా బోర్డు, చేతిలో లైను కలిపే తీగ, దాన్నే కార్డు అనేవాళ్లం. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని కాల్స్ మూడు రకాలు. మూడు నిమిషాలవగానే లైన్లోకొచ్చి "త్రీ మినిట్స్ అయిందండీ, పొడిగించమంటారా" అనాలి. అలా లోపలికెళ్లినప్పుడు ఏదో ఒకటి చెవిన పడుతుంది. పెళ్లి తప్పిపోయిన కబురు, ఆస్పత్రి కబురు, అప్పు కోసం బతిమాలడం. ఒకసారి ఓ తమాషా కాల్ గురించి క్యాంటీన్లో చెప్పి అందర్నీ నవ్వించాను. మా సూపర్‌వైజరమ్మ టీ గ్లాసు కింద పెట్టి, "ఆవిడ గొంతు నీకు తెలుసు, నీ గొంతు ఆవిడకి తెలీదు" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. నాకు మెమో ఇచ్చినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

మీ యాప్‌లో గదుల్లో జనం మాట్లాడుకుంటుంటే మీ దగ్గర రికార్డవుతుందా? అయితే గదిలోకి వచ్చేవాళ్లకి ఆ ముక్క గుమ్మంలోనే, తెలుగులోనే, పెద్ద అక్షరాల్లో చెప్పండి. అరవై పేజీల షరతుల్లో దాచిపెట్టి, చెప్పాం కదా అనకండి. ఇంకొకటి. చేరగానే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ ఇమ్మని అడిగే పద్ధతి పెట్టబోతున్నారేమో, అదొద్దు. మా ఇంటికొచ్చే కూరగాయలావిడ నంబరు కూడా నా ఫోన్‌లో ఉంది. ఆవిడని అడక్కుండా ఆవిడ నంబరు మీ ఏడుగురికి ఇవ్వడానికి నేనెవర్ని?

రాత్రి పదకొండు దాటాక గొడవ మొదలైతే నువ్వు దూరకు, తలుపు మూసి పొద్దున్న చూడు. కులం మీద, హీరోల మీద వచ్చే తగాదాలకి ఇదొక్కటే మందు. కానీ బెదిరింపో, ఆడపిల్ల ఫొటోనో అయితే ఆ నిమిషమే తీసెయ్, పొద్దున్నదాకా ఆగకు. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఫిర్యాదులు చూసే అధికారి పేరు, సంప్రదించే వివరాలు కనిపించేలా పెట్టాలి. గడువులు మారుతుంటాయి కాబట్టి లాయరుకి చూపించుకోండి. ఆ అధికారి కుర్చీలో ఊరికే నీ పేరు రాసేస్తామంటే మాత్రం ఒప్పుకోకు. నా పిరికితనం అనుకుంటావేమో. 2012 నవంబరులో మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో ముంబయి బంద్ గురించి ఓ మాట రాస్తే, ఇంకో అమ్మాయి దాన్ని లైక్ చేస్తే, ఇద్దర్నీ అరెస్టు చేశారు. అప్పట్లో వాడిన సెక్షన్లలో ఒకటైన ఐటీ చట్టం 66ఏని సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. అది తర్వాతి మాట. ఆ వార్త చదివిన రోజు మీ అక్క ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టాను. అది మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నిద్ర పట్టనివ్వని సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

ఆర్కుట్‌లో నువ్వు తెరిచిన ఆ అకౌంట్‌తోనే గోదావరి జిల్లాల కబుర్లకని ఓ కమ్యూనిటీ పెట్టాను, గుర్తుందా? నాలుగు వందల మంది దాకా చేరారు. వాళ్లలో ఓ మాస్టారు ఉండేవారు. కోనసీమ లంకలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో కంప్యూటర్ లేదు. వారానికి రెండుసార్లు అమలాపురం బస్సెక్కి వచ్చి, నెట్ సెంటర్లో గంటకి పదిహేను రూపాయలిచ్చి కూర్చునేవారు. లేఖిని పేజీ తెరిచి పై గళ్లో ఇంగ్లిష్ అక్షరాలు ఒక్క వేలితో కొడితే కింది గళ్లో తెలుగు పడేది. దాన్ని కాపీ చేసి తెచ్చి మా దగ్గర పెట్టేవారు. ఆయన రాసేదంతా ఒకటే విషయం, 1986 వరదలు.

ఆ ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. కోనసీమ వైపు లైన్లు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే, హైదరాబాదు నుంచి, మద్రాసు నుంచి జనం "ఇంకోసారి ప్రయత్నించమ్మా" అని ఏడుస్తూ బుక్ చేసేవాళ్లు. కార్డు పెట్టడం, అవతల ఏమీ లేకపోవడం, పీకేయడం. రెండు రోజులు అదే. అవతలేం జరిగిందో నాకెవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్ల పైన గడిచాక మాస్టారు చెప్పడం మొదలుపెట్టారు. నాకు ఆయన రాతలంటే ఎందుకంత ఇదో అర్థమైందా?

2010లో హైదరాబాదు కుర్రాళ్లు కొందరు తెలుగువాళ్లకే ప్రత్యేకంగా ఓ సైటు పెట్టారు. పేరు ఎందుకులే. నాకు మెయిల్ రాశారు, మీ కమ్యూనిటీ అంతా మా దగ్గరికి రండి, పెద్ద పెద్ద వ్యాసాలు పెట్టుకోవచ్చు, ఫొటోలు పెట్టుకోవచ్చు, మీరే ఇక్కడ అడ్మిన్ అని. ఆ అడ్మిన్ అన్న మాటకి ఉబ్బిపోయాననుకో. ఒక్కొక్కరికీ విడిగా రాసి, బతిమాలి తీసుకెళ్లాను. మాస్టారు మాత్రం ఫోన్ చేసి అడిగారు. "అమ్మా, అక్కడ పెట్టినవి ఎక్కడికీ పోవు కదా?"

"పోవు మాస్టారూ. పూచీ నాది" అన్నాను.

సైటు నాది కాదు, సర్వర్ నాది కాదు, దాని అద్దె ఎవరు కడుతున్నారో, ఎన్నాళ్లు కట్టగలరో నాకు తెలీదు. నోరు మాత్రం నాది. ఆయన ధైర్యంగా అక్కడ రాశారు. అరవై పైచిలుకు భాగాలు. పాత వాటిని కూడా మోసుకొచ్చి సరిదిద్ది మళ్లీ పెట్టి, ఆర్కుట్‌లో ఉన్నవి తుడిచేశారు. రెండు చోట్లా ఉంటే చదివేవాళ్లు తికమక పడతారని.

2012లో మీ అక్క పెళ్లి. ఆ నెలంతా నేను మెయిల్ తెరవలేదు. తెరిచేసరికి ఓ మెయిల్ ఉంది. ముప్పై రోజుల్లో సైటు మూసేస్తున్నాం, కావలసినవి దాచుకోండి అని. ఇంగ్లిష్‌లో. గడువు దాటి పదకొండు రోజులైంది. ఆఫీసు నంబరుకి చేస్తే మోగుతూనే ఉంది. పెళ్లి తాలూకు పనిమీద ఎలాగూ హైదరాబాదు వెళ్లాలి, మాదాపూర్‌లో ఆ అపార్ట్‌మెంట్ వెతుక్కుంటూ వెళ్లాను. తిడదామనే వెళ్లాను. ఇద్దరు కుర్రాళ్లు చక్రాల కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి లిఫ్టులోకి తోస్తున్నారు. ఎవరో సెకండ్ హ్యాండ్‌కి కొనుక్కున్నారట. "సర్వర్ బిల్లు కట్టలేకపోయాం మేడమ్, వాళ్లు తుడిచేశారు" అన్నాడు అందులో ఒకడు. నీకిప్పుడున్న వయసే ఉంటుంది. పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేడు. నా సంచిలో పెళ్లి లడ్డూలున్నాయి, అవిచ్చి వచ్చేశాను. వాళ్లు మోసగాళ్లు కాదు సింధూ. మోసగాళ్లయితే నాకు సులువుగా ఉండేది.

దీనికంటే పెద్ద తప్పు తర్వాత చేశాను. మాస్టారికి చెప్పలేదు. రేపు చెబుదాం, ఈ ఆదివారం చెబుదాం అని నాలుగు నెలలు గడిపాను. ఆ నాలుగు నెలలూ ఆయన నెట్ సెంటర్‌కి వెళ్లి, పేజీ తెరుచుకోకపోతే సిస్టమ్ బాగాలేదనుకుని వేరే సిస్టమ్ దగ్గర కూర్చుని, పదిహేను రూపాయలిచ్చి బస్సెక్కి వెళ్లిపోయేవారట. చివరికి ఆయనే ఫోన్ చేశారు. చెప్పాను. అటు వైపు చాలాసేపు ఏమీ వినపడలేదు. లైను పోయిందేమో అనుకున్నాను, పాత అలవాటు. "సరేనమ్మా, నీకు బిల్లవుతుంది, పెట్టెయ్" అన్నారు.

మళ్లీ రాయలేదు. 2014లో పోయారు. ఆ సెప్టెంబరు 30నే ఆర్కుట్ కూడా మూతపడింది. అది మూడు నెలల ముందు చెప్పింది, ఫొటోలవీ తీసుకోనిచ్చింది. కానీ అక్కడ మాస్టారివి ఏం మిగిలాయని? పెద్దకర్మ అయ్యాక వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నగారు రాసినవి మీ దగ్గర ఉంటాయన్నారండీ."

ఇది చదివి ఉద్యోగంలో చేరకు అంటున్నాననుకోకు. చేరు. కానీ చేరే ముందు మీవాళ్లని ఒక్కటి అడుగు. మన యాప్‌లో మాట్లాడిన మాటని, రాసిన రాతని మనిషి ఒక్క బటన్ నొక్కి తన ఫోన్‌లోకి తీసుకోగలడా? "తర్వాతి వెర్షన్‌లో పెడతాం" అంటారు. ఎప్పుడో తేదీ చెప్పమను. మూసేయాల్సి వస్తే సర్వర్ ఇంకో ఆరు నెలలు నడవడానికి డబ్బు విడిగా తీసి పెట్టారా అని కూడా అడుగు. నవ్వుతారు, మొదలెట్టకుండానే మూసేయడం గురించా అని. నవ్వనీ. పసుపు పిట్ట బొమ్మతో కూ అని ట్విటర్ లాంటి యాప్ వచ్చింది చూడు, 2020లో. కేంద్రం పెట్టిన ఆత్మనిర్భర్ యాప్ పోటీలో బహుమతి కొట్టింది, మంత్రులు చేరారు. 2024 జూలైలో మూసేస్తున్నామన్నారు. పెద్ద కంపెనీలతో బేరాలు కుదరలేదట. టిక్‌టాక్‌కైతే ఆ మాత్రం వ్యవధి కూడా లేదు, 2020 జూన్ 29న 59 యాప్‌ల మీద ఒకేసారి నిషేధం వచ్చింది. యాహూ గ్రూప్స్ అంతటిది కూడా 2020 డిసెంబరు 15కి లేకుండా పోయింది. మీ ఏడుగురూ వాటికంటే గట్టివాళ్లా?

జనాన్ని నువ్వే పిలుస్తావు. నీ గొంతు బాగుంటుంది, వస్తారు. ముసలివాళ్లు ముందొస్తారు, వాళ్లకి వినేవాళ్లు కావాలి. ఎవరో ఒకరు నిన్ను ఆ మాట అడుగుతారు. అడిగినప్పుడు "ఏమో మాస్టారూ, మీ దగ్గర కూడా ఒక కాపీ ఉంచుకోండి, ఎలాగో నేను చూపిస్తాను" అను. మీ ఓనర్లకి నచ్చకపోయినా అను. మూసేసే మెయిల్ ఎప్పుడైనా పంపాల్సొస్తే తెలుగులో పంపు, ముసలివాళ్లకి ఫోన్ చేసి చెప్పు.

తిండి మానకు. స్టార్టప్ అంటే రాత్రిళ్లు నూడుల్స్ తినడం అనుకుంటున్నారు మీ తరం. మీ అమ్మకి నేను నచ్చజెబుతాలే, ఈ వారం కాస్త ఫోన్ ఎత్తు దాన్ని తిప్పలు పెట్టకుండా. పెద్దబాబు అటు వస్తున్నాడు, వాడితో మాగాయ పంపిస్తున్నాను. సీసా మూత గట్టిగా పెట్టు.

దాంతోపాటు ఒక జెరాక్స్ కాగితం ఉంటుంది. మాస్టారి రాతల్లో మిగిలిందదొక్కటే. మా ఎక్స్ఛేంజిలో స్నేహితురాలికి చూపిద్దామని 2011లో ఓ పేజీ ప్రింట్ తీశాను, అది నా బ్యాగు అరలో ఉండిపోయింది. నీళ్లు స్కూల్లోకి వస్తుంటే పిల్లల హాజరు పట్టీలన్నీ ధోవతిలో మూటకట్టి, వంట గుండిగలో పెట్టి, దూలానికి వేలాడదీసిన సంగతి. దాని మొదటి కాపీ వాళ్లబ్బాయికి ఇచ్చాను. నీకిది రెండోది. మూడో వరసలో "గుండిగ" దగ్గర అక్షరం చెదిరిపోయి ఉంటుంది. అది ఆయన తప్పు కాదు, మా ఆఫీసు ప్రింటర్‌ది.

మీ పెద్దమ్మ