పెళ్లి మాట అడిగే చోటు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవించి రాస్తున్న ఉత్తరం.

నగరంలో ఎప్పటికీ గుర్తుండిపోయే చోటు ఒకటి చెప్పమన్నావు, పెళ్లికి ఒప్పుకుంటావా అని ఆ అమ్మాయిని అడగడానికి. ఒక పేరు చెప్పి ఊరుకుంటే నీకు సాయం చేసినట్టు కాదు. ఒకే కట్టడం దగ్గర ఓ మూల మాట గుసగుసగా చెప్పినా వినబడుతుంది, పదడుగుల అవతల ట్రాఫిక్ హోరులో అరిచినా వినబడదు. అంచేత పేరున్న చోటు కోసం వెతకడం మానేసి, ఇద్దరు మనుషులు నిలబడేంత జాగా, పది నిమిషాల సమయం వెతుక్కో. ఆ రెండూ కుదిరితే కాలువ గట్టయినా చాలు.

ముందు ఆ అమ్మాయి స్వభావం చూడు. నలుగురి ముందు పుట్టినరోజు పాట పాడితేనే తల దించుకునే మనిషిని నడి కూడలిలో మోకాలి మీద కూర్చుని అడిగితే, ఆమెకు గుర్తుండేది చుట్టూ లేచిన ఫోన్లు. పైగా గుంపు ముందు "కొంచెం ఆలోచించుకుంటాను" అనే వీలుండదు. ఆ మాట అనగలిగే వీలు నువ్వే కల్పించాలి, అది గౌరవం. పెళ్లి సంగతి మీ ఇద్దరి మధ్య ముందే చాలాసార్లు వచ్చి ఉండాలి. ఎప్పుడు, ఎక్కడ అడుగుతావన్నదొక్కటే ఆమెకు తెలియకుండా ఉంచు.

ఇదే కారణంగా బయటికి దారిలేని చోట్లు నాకు నచ్చవు. లండన్ ఐ లాంటి పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరగడానికి సుమారు అరగంట పడుతుంది. జవాబు పైకెళ్లగానే వచ్చేస్తే మిగిలిన పావుగంట పండగే. రాకపోతే ఆ పావుగంట ఇద్దరికీ చాలా పొడుగు. పడవలూ అంతే. జవాబు మీద నీకు పూర్తి నమ్మకం ఉంటేనే వాటి జోలికి వెళ్లు.

కొత్తగా ప్రపోజ్ చేసేవాళ్లు తరచుగా చేసే పొరపాటు ఇంకోటుంది. ఏ కట్టడం ఇష్టమో దాన్నే ఎక్కేస్తారు. ఎక్కాక కట్టడం కనబడదు! పారిస్‌లో ఐఫిల్ టవర్ ఫొటోలో ఉండాలంటే నదికి అవతలి ఒడ్డున త్రొకాదెరో అనే చోట నిలబడాలి. చీకటి పడ్డాక గంట గంటకీ మొదటి ఐదు నిమిషాలు టవర్ మీద దీపాలు మిలమిల మెరుస్తాయి, అదీ దూరం నుంచే నిండుగా కనిపిస్తుంది. మీ నగరంలో గోపురమైనా, వంతెనైనా, గడియార స్తంభమైనా ఇదే లెక్క. దానికి ఎదురుగా, కొంచెం దూరంగా, ఎత్తు తక్కువ గోడో మెట్లో ఉన్న చోటు చూడు.

ఎత్తు మీదే అడగాలని మనసుంటే, తెరిచి ఉన్న అంతస్తా, అద్దాలు బిగించిన అంతస్తా అన్నది ముందే తెలుసుకో. న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనంలో 86వ అంతస్తు ఆరుబయట, 102వ అంతస్తు అద్దాల గది. ఆరుబయట గాలి జుట్టునీ మాటనీ రెండింటినీ ఎగరేసుకుపోతుంది. అద్దాల గదిలో రాత్రిపూట చిక్కు వేరు. లోపల లైట్లుంటే అద్దం నిలువుటద్దంలా మారి నగరం బదులు మిమ్మల్నే చూపిస్తుంది. అక్కడ సూర్యుడు దిగాక, లోపలి లైట్ల జోరు పెరగకముందు ఉండే కొద్ది నిమిషాలే పనికొస్తాయి.

ఆ నిమిషాల లెక్క కాస్త ఓపిగ్గా చదువు. సూర్యాస్తమయానికి ముందు ముప్పావుగంట నుంచీ వెలుగు మెత్తబడుతుంది, ముఖాల మీద నీడలు గాటుగా పడవు. అస్తమించాక కూడా ఆకాశంలో వెలుగు కొంతసేపు నిలుస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరి ఊళ్లలో అది 20, 25 నిమిషాలే. లండన్ లాంటి ఉత్తరాది ఊళ్లలో అరగంట దాటుతుంది. వీధి దీపాలు వెలిగి, ఆకాశం ఇంకా ముదురు నీలంగా ఉండే ఆ కాస్త సమయం నగరానికి అన్నిటికన్నా అందమైన వేళ. అయితే ఫోన్‌లో చూపించే అస్తమయం చదునైన నేలకు వేసిన లెక్క. నీకు పడమర వైపు నూరు మీటర్ల దూరంలో 60 మీటర్ల భవనం ఉంటే, సూర్యుడు 31 డిగ్రీల ఎత్తులో ఉండగానే దాని వెనక్కి వెళ్లిపోతాడు. అంటే అసలు అస్తమయానికి రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ముందే, నీ చోటు నీడలో పడుతుంది. దీన్ని కొలవడానికి యంత్రం అక్కర్లేదు. చెయ్యి బారచాపి, అరచేతిని అడ్డంగా పట్టుకుని, సూర్యుడి కింది అంచుకీ భవనం పైకప్పుకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడు. ఒక్కో వేలుకి సుమారు పావుగంట. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకు, అంచు తెలిస్తే చాలు. సూర్యుడు అస్తమించే దిక్కు కూడా ఏడాది పొడుగునా జరుగుతూ ఉంటుంది. జూన్‌లో వాయవ్యానికి, డిసెంబరులో నైరుతికి. అందుకే ఆరు నెలల కిందట చూసి నచ్చిన చోటుని ఇప్పుడు నమ్మకు.

పొద్దున పూట గురించి కూడా ఆలోచించు. ప్రాగ్‌లో చార్ల్స్ వంతెన మీద మధ్యాహ్నం భుజం భుజం రాసుకుంటూ నడవాలి, తెల్లవారుజామున అదే వంతెన దాదాపు ఖాళీ. పేరున్న చోటే కావాలి, జనం వద్దు అనుకుంటే వేకువే దారి. ఆ అమ్మాయి పొద్దున్నే లేవడానికి విసుక్కునే మనిషైతే మాత్రం ఈ ఆలోచన ఇక్కడితో వదిలెయ్యి.

చోటు అనుకున్నాక రెక్కీకి, అంటే ముందుగా ఒకసారి చూసి రావడానికి, వెళ్లాలి. అసలు రోజుకి ముందు రెండు వారాల లోపు, వారంలో అదే రోజున, అదే గంటకి, ఒక్కడివే. ఐదు నిమిషాలు చూసి వచ్చెయ్యకు, అరగంట నిలబడు. పది నిమిషాలు దాటాకే చోటు అసలు రూపం తెలుస్తుంది: పక్కనే బస్సు మలుపు తీసుకుంటూ హారన్ కొట్టడం, కాపలా మనిషి ఈల వేసి జనాన్ని కదపడం, ఫౌంటెన్ ఉన్నట్టుండి జోరందుకుని తుంపర పడటం, గాలి మళ్లితే చెత్త తొట్టి వాసన రావడం. నది ఒడ్డయితే నీటిమట్టం కూడా చూడు. సముద్రపు ఆటుపోట్లు తగిలే నదుల్లో నీళ్లు తగ్గిన వేళ బురద బయటపడుతుంది. థేమ్స్‌లో లండన్ దగ్గర ఈ తేడా 7 మీటర్ల దాకా ఉంటుంది. మాట వినబడుతుందో లేదో తేల్చుకోవాలంటే ఫోన్‌ని రెండడుగుల దూరంలో పెట్టి, మామూలు గొంతుతో నాలుగు వాక్యాలు రికార్డు చేసి విను. ఆ రికార్డింగ్ అబద్ధం చెప్పదు.

తర్వాత నేల చూడు. మోకాలు ఆనించే చోటు చదునుగా, పొడిగా, ఒక మీటరు వెడల్పున ఖాళీగా ఉండాలి. ఇనుప జాలీ, మురుగు మూత, చెక్కల మధ్య సందులు ఉన్న చోట ఉంగరం బయటికి తియ్యకు. బ్రూక్లిన్ వంతెన నడకదారి చెక్క పలకలే, దాని కిందుగా కార్లు పోతుంటాయి. అలాంటి చోట చేయి వణికితే ఇక వెతకడం కూడా ఉండదు. వంతెనైనా గట్టైనా రెయిలింగ్‌కి కనీసం రెండడుగులు లోపలికి నిలబడు. చలిలో వేళ్లు సన్నబడి ఉంగరం జారుతుంది, ఎండలో ఉబ్బి ఎక్కనని మొరాయిస్తుంది. ఎక్కకపోతే బలవంతంగా తొయ్యకు, ఆమె అరచేతిలో పెట్టు.

వంతెనల ప్రస్తావన వచ్చింది కనుక తాళాల సంగతి కూడా. ప్రేమకు గుర్తుగా తాళం బిగించి తాళంచెవి నీళ్లలో పడెయ్యడం మంచి పని కాదు. పారిస్‌లో పోన్ దెజార్ వంతెన రెయిలింగ్‌లో కొంత భాగం 2014లో ఆ బరువుకే కూలింది. మరుసటేడు సుమారు 45 టన్నుల తాళాలు తీసేశారు. పదేళ్ల తర్వాత మీరిద్దరూ వెళ్లి చూస్తే ఉండే గుర్తు కావాలంటే, మెట్లు, చెట్టు నీడ, రాతి బెంచీ లాంటి మార్పు లేని వాటి పక్కన నిలబడు. తాత్కాలిక అలంకరణ, ఈ ఏడు తెరిచిన కెఫే, పూలు విరబూసే వారం, వీటిని నమ్ముకుంటే వచ్చే ఏటికి ఆ చోటే ఉండకపోవచ్చు. మీ ఇద్దరికీ ముందే కథ ఉన్న చోటు, మొదటిసారి కలుసుకున్న లైబ్రరీ మెట్లో, వాన పడి ఆగిపోయిన బస్ స్టాపో ఉంటే, నగరంలో ఏ దృశ్యం కన్నా నేను దానికే ఓటేస్తాను.

ఇక అందరూ మరిచిపోయేది భద్రతా తనిఖీ. టవర్లకీ మ్యూజియంలకీ పైకి పంపేముందు జేబులు ఖాళీ చేయించి, వస్తువులన్నీ ట్రేలో పెట్టిస్తారు. ఉంగరం ఉన్న చిన్న పెట్టె ట్రేలో కూర్చుని ఆమె కళ్లముందే స్కానర్లోకి వెళ్తుంది. దానికో ఉపాయం ఉంది. గట్టి కళ్లద్దాల పెట్టె ఒకటి తీసుకో. అడుగున మెత్తని గుడ్డ పరిచి, ఉంగరాన్ని చిన్న సంచీలో పెట్టి, దాని మీద కళ్లద్దాలు పెట్టి మూసెయ్యి. తనిఖీలో విప్పినా పైకి కనిపించేవి కళ్లద్దాలే. ఇంకా మంచిది, నమ్మకమైన స్నేహితుడు గంట ముందే లోపలికి తీసుకెళ్లి సిద్ధంగా ఉండటం. ఆఖరి ప్రవేశం ఎన్నింటికో, మూసే వేళ ఎన్నింటికో విడివిడిగా అడుగు, రెండూ ఒకటి కావు.

ఫొటోలు కావాలంటే తీసేవాళ్లని 10, 15 మీటర్ల దూరంలో, మీకు పక్కగా నిలబెట్టు. ఎదురుగా ఉంటే నీ వీపో ఆమె వీపో తప్ప ఏదీ రాదు. కెమెరా వైపున్న మోకాలు నేలకి ఆనించు, అవతలి మోకాలు పైకి ఉంచు, అప్పుడు కాలు అడ్డం రాదు. పెట్టెని కెమెరాకి దూరంగా ఉన్న చేత్తో పట్టుకుంటే ముఖం కనబడుతుంది. మూత ఎటు తెరుచుకుంటుందో ఇంట్లో ఇరవైసార్లు తెరిచి చూసుకో. తలకిందులుగా తెరిచేవాళ్లు చాలామంది. సూర్యుడు మీ వెనక ఉంటే ముఖాలు నల్లబడతాయి, వెలుగు ఆమె ముఖం మీద పడేలా ఆమెని నిలబెట్టు. జాగా గుర్తుపట్టడానికి ఫోన్‌లో పిన్ పంపితే సరిపోదు, ఎత్తైన భవనాల మధ్య అది పదుల మీటర్లు తప్పుతుంది. "మూడో దీపస్తంభానికి ఎడమ పక్క, పగిలిన రాయి మీద" అని ఫొటోతో సహా చెప్పు. అనుకున్న సైగ ఒకటుండాలి, కోటు గుండీ విప్పడం లాంటిది.

కెమెరా స్టాండు, కుర్చీలు, దీపాలు పెట్టాలంటే ఆ స్థలం ఎవరిదో వాళ్లని ముందే అడుగు. పార్కు ఒకరిది, దాన్ని ఆనుకుని ఉన్న గట్టు ఇంకొకరిది కావచ్చు. డ్రోన్ ఆలోచన పెట్టుకోకు. దాని రొద నీ మాటని మింగేస్తుంది, నగరాల్లో అనుమతి కూడా కష్టం.

వాన పడితే వెళ్లాల్సిన రెండో చోటు, ఐదు నిమిషాల నడకలో, పైకప్పు ఉన్నది, దాన్నీ అదే రెక్కీలో చూడు. పాత భవనాల స్తంభాల వరండాలు దీనికి బాగుంటాయి. ఏ చోటన్నది రెండు గంటల ముందే ఖాయం చేసుకుని, ఫొటో తీసేవాళ్లకి చెప్పేసి, మళ్లీ మార్చకు. గొడుగు పారదర్శకంగానో లేత రంగులోనో ఉండాలి. నల్ల గొడుగు కింద ముఖాలు మసకబారతాయి. ఆ రోజు ఊరేగింపులు, పరుగు పందేలు, పెద్ద మ్యాచ్‌లు, రోడ్డు మూసివేతలు ఉన్నాయేమో వారం ముందు ఒకసారి, ముందురోజు ఇంకోసారి చూడు. ప్రేమికుల రోజునీ డిసెంబరు 31 రాత్రినీ వదిలెయ్యి. జనం ఎక్కువ, పైగా నీ పక్కనే ఇంకొకరు మోకాలి మీద ఉండొచ్చు.

ఆమె చెప్పుల గురించి ఆలోచించావా? ఎత్తు మడమల చెప్పులతో రాళ్ల దారిలో పది నిమిషాలు నడిపిస్తే అక్కడికి చేరేసరికి ఆమె ధ్యాసంతా పాదాల మీదే ఉంటుంది. వాహనం ఆపే చోటు నుంచి నడక ఐదారు నిమిషాలు మించకూడదు. ఆకలితో తీసుకెళ్లకు. భోజనం తర్వాత అడుగుదామనుకుంటే నీకు ముద్ద దిగదు, ఆమెకి అనుమానం వస్తుంది. ముందు చిన్న ఫలహారం, తర్వాత అడగడం, ఆ తర్వాత నిదానంగా భోజనం. ఉంగరాన్ని తినేదాంట్లోనో తాగేదాంట్లోనో ఎప్పుడూ వెయ్యకు, గొంతులో అడ్డుపడే వస్తువది.

మాటలు నాలుగైదు వాక్యాలు చాలు, నిమిషం లోపు. జవాబు వచ్చాక ఇద్దరూ కూర్చోవడానికి మూడు నిమిషాల నడకలో ప్రశాంతమైన బెంచీ ఒకటి చూసి పెట్టుకో. ఇంట్లోవాళ్లని స్తంభం వెనక దాచి వెంటనే బయటికి రప్పించకు. మొదటి అరగంట మీ ఇద్దరిదే, ఫోన్లు ఆ తర్వాత.

ఈ శనివారం అస్తమయానికి గంట ముందు వెళ్లి నిలబడు. కాగితం మీద చిన్న బొమ్మ గీసుకురా: నువ్వు ఎక్కడ, ఆమె ఎక్కడ, సూర్యుడు ఎటు, కెమెరా ఎటు, రెయిలింగ్ ఎంత దూరం. అది ఫొటో తీసి నాకు పంపు, చూసి ఏమైనా మార్చాలంటే ఆదివారం ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య