డీసీ-సైన్ ఎలైసాలో సిగ్నల్ రావట్లేదా, ముందు బఫర్ చూడండి

ఎలైసాలో (ప్లేట్‌కి ప్రొటీన్ ఎంత అతుక్కుందో యాంటీబాడీతో కొలిచే పరీక్ష) మన్నాన్ (మన్నోజ్ చక్కెర గొలుసు) కోట్ చేసిన ప్లేట్‌లో డీసీ-సైన్ ఎఫ్‌సీ (రోగనిరోధక కణాల మీద ఉండే డీసీ-సైన్ ప్రొటీన్‌కి యాంటీబాడీ తోక తగిలించింది) వేస్తే రీడింగ్ బ్లాంక్‌లాగే వస్తోంది, ప్రొటీన్ పాడైందేమో అన్నారు కదా, నాకైతే ప్రొటీన్ మీద అనుమానం లేదండీ, మీ ప్రోటోకాల్‌లో వాష్ బఫర్ పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీళ్లు), పైగా అందులో ఈడీటీఏ (లోహ అయాన్లని పట్టేసుకునే రసాయనం) కూడా ఉంది, దెబ్బ అక్కడే పడింది. డీసీ-సైన్ సీ-టైప్ లెక్టిన్ (చక్కెరల్ని పట్టుకునే ప్రొటీన్ రకం), మన్నోజ్‌ని పట్టుకునేదే కాల్షియం అయాన్ ద్వారా, ఆ కాల్షియాన్ని ఈడీటీఏ లాగేసుకుంటే ఇంక అతుక్కునేదేముంది. పోనీ పీబీఎస్‌లోనే కాల్షియం కలుపుదామంటే ఫాస్ఫేట్‌తో చేరి తెల్లగా మడ్డి కట్టే ఛాన్స్ ఉంది, అందుకని ట్రిస్ సెలైన్ (ఫాస్ఫేట్ లేని బఫర్) తీసుకుని 2 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ వేయండి, సెకండరీ యాంటీబాడీ తర్వాత వాష్ దాకా అదే వాడాలి. బ్లాకింగ్‌కి పాలపొడి వద్దు, గ్లైకోప్రొటీన్లు (చక్కెరలు అతికిన ప్రొటీన్లు) ఉంటాయి, డీసీ-సైన్ వాటిని పట్టుకోవచ్చు, బీఎస్ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్) చాలు.

ఈడీటీఏని మాత్రం పారేయకండి, ఒక వరసలో అదే మీ నెగటివ్ కంట్రోల్. అప్పటికీ సిగ్నల్ వీక్‌గా ఉంటే ఎఫ్‌సీని సెకండరీతో ముందే కలిపి వేసి చూడండి, అలా గుంపుగా అతుక్కుంటాయి, సెల్ మీద డీసీ-సైన్ నాలుగేసి కలిసుంటుంది, విడిగా ఒక్కోదాని పట్టు చాలా లూజు. అన్నట్టు డెక్టిన్-1కి (బీటా-గ్లూకాన్‌ అనే చక్కెర గొలుసుని పట్టుకునే ఇంకో లెక్టిన్) ఈ ఈడీటీఏ కంట్రోల్ పనిచేయదు, దానికి కాల్షియంతో పనిలేదు, లామినారిన్‌తో (నీళ్లలో కరిగే బీటా-గ్లూకాన్) బ్లాక్ చేయాలి.