అంటువ్యాధి వస్తే ప్రభుత్వం ఏ అధికారంతో ఆంక్షలు పెడుతుంది? కేసు పెడితే నిలుస్తుందా?

రాజ్యాంగంలోని ఎమర్జెన్సీకి దీనితో సంబంధం లేదు. 352వ అధికరణం యుద్ధం, విదేశీ దాడి, సాయుధ తిరుగుబాటుకే. అంటువ్యాధులకు వాడేది బొంబాయి ప్లేగు నాటి 1897 అంటువ్యాధుల చట్టం. మామూలు చట్టాలు చాలవనుకుంటే రెండో సెక్షన్ కింద రాష్ట్రం తాత్కాలిక నిబంధనలు తెస్తుంది: ప్రయాణికుల తనిఖీ, అనుమానితులను ఆసుపత్రిలో విడిగా ఉంచడం వగైరా. 2020 మార్చి నాటి దేశవ్యాప్త లాక్‌డౌన్ మాత్రం 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద వచ్చింది. ఆదేశాలు పాటించకపోతే దాని 51వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, ప్రాణనష్టం జరిగితే రెండేళ్ల వరకు.

1897 చట్టం కింద నిబంధన మీరితే ఇదివరకు ఐపీసీ 188వ సెక్షన్ కింద కేసు, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 223 కింద. కేసులు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే. ఉత్తర్వు ఇచ్చిన అధికారో, ఆయన పైఅధికారో, ఆయన అనుమతించిన మరో అధికారో కోర్టుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పోలీసుల ఛార్జిషీటు ఒక్కటే చాలదు. ఉత్తర్వు సంగతి నిందితుడికి తెలుసని కూడా రుజువు చేయాలి. కాబట్టి నోటీసు వస్తే ముందు జీవో నంబరు, తేదీ, ఏ సెక్షన్ కింద ఇచ్చారు, ఎప్పటిదాకా అమల్లో ఉందో చూడండి.

ఏది ప్రమాదకర అంటువ్యాధో 1897 చట్టం నిర్వచించలేదు, ఆంక్షలకు గడువూ పెట్టలేదు. నా దృష్టిలో ఇదే దాని పెద్ద లోపం. పైగా సదుద్దేశంతో చేసిన పనికి అధికారులపై దావా వేయకుండా నాలుగో సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆంక్ష మితిమీరిందనుకుంటే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు.