ఉప్పులో సోడియం ఉంటే గోలికి క్యాల్షియంతో పనేంది?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. అమ్మకు బీపీ ఉందని డాక్టర్ ఉప్పు తగ్గించమన్నడు, ఆమ్లోడిపిన్ రాసిండు. అది క్యాల్షియంని ఆపే గోలి అంటున్నరు, ఉప్పుల ఉండేది సోడియం గదా? అమ్మ భయపడి పాలు బంద్ చేసింది.

జవాబు: ముందుగాల అమ్మను పాలు తాగమనండి, ఈ గోలి పాల క్యాల్షియం జోలికి పోదు. రక్తనాళాల గోడల్ల నునుపు కండరాలుంటయి, ఆ కణాల లోపల కంటే బయట క్యాల్షియం దాదాపు 10 వేల రెట్లు ఎక్కువ, కొద్దిగా లోపలికొచ్చినా కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని కండరం బిగుస్తది, నాళం సన్నగైతది, బీపీ లేస్తది. వచ్చింది మల్ల బయటికి పోవాలె గదా, అట్ల పంపే దారుల్ల ఒకటి సోడియం క్యాల్షియం ఎక్స్ఛేంజర్, 3 సోడియం లోపలికొస్తే 1 క్యాల్షియం బయటికి పోతది. సోడియం లోపల తక్కువుంటేనే ఇది మంచిగ నడుస్తది, లోపల పెరిగితే క్యాల్షియం అక్కడనే ఆగిపోతది, ఒక్కోసారి ఎక్స్ఛేంజర్ ఉల్టా కూడా తిరుగుతది. ఉప్పుతోని బీపీ పెరగడానికి సైంటిస్టులు చెప్పే కారణాల్ల ఇదొకటి. ఆమ్లోడిపిన్ మాత్రం క్యాల్షియం లోపలికొచ్చే ఇంకో గేటును మూస్తది. ఉప్పు రోజంతా కలిపి 5 గ్రాముల లోపే ఉండాలె, తొక్కులు, అప్పడాలల్ల ఉండేది గూడ లెక్కేయండి, డాక్టర్‌ని అడగకుండ గోలి మాత్రం ఆపకండి.