ఇయర్‌ఫోన్లో అయిదు డ్రైవర్లన్నారు, సౌండ్ మాత్రం లేదు... డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: నేను సంగీతం టీచర్‌ని. రెండు నెలల క్రితం ఆన్‌లైన్‌లో 6,800 రూపాయలు పెట్టి చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు కొన్నాను. ‘ఒక్కో చెవికి 5 డ్రైవర్లు, స్టూడియో క్వాలిటీ, అద్భుతమైన స్పష్టత’ అని ప్రకటనలో రాశారు. డ్రైవర్ అంటే లోపల ఉండే బుల్లి స్పీకరు. నా పాత జత 1,200 రూపాయలది, ఒకటే డ్రైవర్. దానికంటే ఇది అధ్వానంగా ఉంది. మృదంగం ఎడమవైపు మోత వినపడదు, వీణ మీటు గీరుకున్నట్టుంటుంది. షెల్ గాజులా ఉంటుంది కాబట్టి భూతద్దం పెట్టి చూశాను. లోపల మూడే కనిపిస్తున్నాయి. అమ్మినవాళ్లను అడిగితే, ‘రిటర్న్ గడువు 7 రోజులు, అది అయిపోయింది. సౌండ్ అనేది ఎవరి చెవిని బట్టి వారికి ఉంటుంది’ అంటున్నారు. మొబైల్ రిపేర్ చేసే మా తమ్ముడు విప్పి చూపిస్తానంటున్నాడు. విప్పించి కేసు వేయవచ్చా? మానసిక వేదనకు 2 లక్షలు అడగవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ముందు మీ తమ్ముడిని ఆ జత జోలికి వెళ్లొద్దని చెప్పండి. మీ చేతిలో ఉన్న అసలు సాక్ష్యం అదే. ఒకసారి బ్లేడు పెట్టి షెల్ తెరిస్తే, ‘లోపలి పార్టులు వీళ్లే తీసేశారు’ అని అవతలి వకీలు మొదటి రోజే అంటారు. దానికి మన దగ్గర జవాబు ఉండదు.

మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయాయి. సౌండ్ బాగాలేదన్నది ఒకటి. అయిదు డ్రైవర్లని చెప్పి మూడే ఇచ్చారన్నది రెండోది. మిమ్మల్ని బాధపెడుతున్నది మొదటిది. చట్టానికి దొరికేది రెండోది. నేనైతే మొదటిదాన్ని ఫిర్యాదులో ఒక్క వాక్యానికి మించి రాయను.

కారణం చెబుతాను. కారులో బేస్‌కు ఊఫర్, సన్నని శబ్దాలకు ట్వీటర్ వేరుగా పెట్టినట్టే, ఇయర్‌ఫోన్‌లోనూ ఒక్కో డ్రైవర్‌కు కొంత పని పంచుతారు. ఈ పద్ధతికి మంచి చరిత్రే ఉంది. 1995లో అమెరికాలో వాన్ హేలెన్ అనే రాక్ బ్యాండ్‌కు సౌండ్ ఇంజినీరుగా ఉన్న జెర్రీ హార్వీ, ఆ బ్యాండ్ డ్రమ్మర్ కోసం రెండు డ్రైవర్ల ఇయర్‌ఫోన్ తయారుచేశారు. స్టేజీ మీద అంత హోరులో పనిచేయాలంటే పని పంచుకోవడం ఉపయోగమే. అయితే పంచిన శబ్దాన్ని మళ్లీ ఒక్కటిగా కలిపి చెవికి అందించాలి. ఆ పని చేసే క్రాసోవర్ సరిగా కుదరకపోతే, రెండు డ్రైవర్లు కలిసే చోట ఒక శబ్దాన్ని మరొకటి కొట్టేస్తుంది. మీ వీణకు జరిగింది ఇదే కావచ్చు. మరోవైపు 2021లో సెన్‌హైజర్ కంపెనీ 1,299 డాలర్లకు విడుదల చేసిన ఐఈ 900 ఇయర్‌ఫోన్లో ఉన్నది 7 మిల్లీమీటర్ల డ్రైవర్ ఒక్కటే. షూర్ కంపెనీ ఎస్ఈ846లో ఒక్కో చెవికి నాలుగున్నాయి. రెండింటినీ మెచ్చుకునేవాళ్లున్నారు. అంటే డ్రైవర్ల లెక్కను బట్టి సౌండ్ ఎలా ఉంటుందో చెప్పలేం. కాబట్టి ‘అయిదున్నా సౌండ్ బాగాలేదు, ఇది మోసం’ అని వాదిస్తే అది నిలబడదు.

‘అద్భుతమైన స్పష్టత’ అన్న మాట మీద కూడా ఆశ పెట్టుకోకండి. అమ్మేవాడు తన సరుకును పొగుడుకోవడాన్ని కోర్టులు చాలాకాలంగా చూసీ చూడనట్టు వదిలేస్తున్నాయి. ఆ హద్దు ఎక్కడుందో లా కాలేజీలో ప్రతి విద్యార్థీ చదివే 1893 నాటి ఇంగ్లండ్ కేసు చెబుతుంది. తమ ‘పొగ బంతి’ (మందు పొడిని ముక్కుతో పీల్చే రబ్బరు బంతి) వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామని, అందుకోసం 1,000 పౌండ్లు బ్యాంకులో వేశామని ఒక కంపెనీ ప్రకటించింది. తర్వాత అది ఉత్త గొప్పలేనని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. బ్యాంకులో డబ్బు వేశామని చెప్పినవాళ్లు సరదాకి చెప్పలేదు కదా అంది. మీ ప్రకటనలో ‘అద్భుతం’ ఉత్త పొగడ్త. ‘5’ మాత్రం లెక్క. లెక్క తప్పితే అది అబద్ధం.

ఆ అబద్ధానికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో స్పష్టమైన చోటుంది. సరుకును తప్పుగా వర్ణించినా, దాని స్వభావం, పరిమాణం, నాణ్యత విషయంలో జనాన్ని పొరబాటు పడేలా చేసినా అది తప్పుదోవ పట్టించే ప్రకటన అని సెక్షన్ 2(28) చెబుతుంది. ఇక ‘7 రోజులు’ అన్న జవాబు. మనసు మారి వెనక్కి ఇచ్చేవాళ్లకు ఆ గడువు సరే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో 6(3) ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని, డబ్బు ఇవ్వనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఆ నిబంధనలో ‘ఇన్ని రోజుల్లోపు’ అన్న మాట లేదు. వాళ్లకు పంపే మెయిల్‌లో ఈ నిబంధన సంఖ్యను తప్పకుండా రాయండి. కస్టమర్ కేర్‌తో ఫోన్లో వంద వాదనలు చేసినా రాని కదలిక దీంతో రావచ్చు.

అయితే మూడే ఉన్నాయని మీరు ఇప్పుడే తేల్చేయకండి. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం డ్రైవర్లు వినికిడి యంత్రాల నుంచి వచ్చినవి, బియ్యపు గింజ కంటే కాస్త పెద్ద లోహపు డబ్బీల్లా ఉంటాయి. ఇవి రెండేసి ఒకే డబ్బీలో అతుక్కుని కూడా వస్తాయి. భూతద్దంలో మీకు కనిపించిన మూడింట్లో రెండు అలాంటి జంటలైతే లెక్క సరిగ్గా అయిదే అవుతుంది, మీ కేసు మొదటి వాయిదాలోనే కూలుతుంది. అందుకే ముందు వాళ్ల నోటితోనే చెప్పించాలి. వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసరుకు (ఫిర్యాదులు చూసే అధికారికి) మెయిల్ పెట్టి మూడు సంగతులు అడగండి: ఒక్కో చెవిలో ఏ రకం డ్రైవర్లు ఎన్ని, అవి ఎన్ని డబ్బీల్లో ఉన్నాయి, ఏది ఏ శబ్దాలకు పనిచేస్తుంది. ఆ ఆఫీసరు 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇది కూడా ఆ నిబంధనల్లో ఉన్నదే. జవాబు దాటవేసినా మంచిదే, ఆ దాటవేత ఇలాంటి కేసులు వినే వినియోగదారుల కమిషన్ ముందు మీకు పనికొస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష ఇంట్లోనే చేయండి. పెట్టెలో వచ్చిన రబ్బరు టిప్పుల్లో పెద్ద సైజు పెట్టి అదే మృదంగం మళ్లీ వినండి. నేను మా ఇంట్లో ఉన్న జతతో చేసి చూశాను. టిప్పు చెవిలో బిగుతుగా కూర్చోకుండా కొంచెం సందు ఉన్నా బేస్ మొత్తం పోయి, ఫోన్ స్పీకర్లో విన్నట్టయింది. మీకూ అదే తేలితే ఫిర్యాదులో బేస్ గురించిన మాట తీసేయండి.

మెయిల్‌కు దారికి రాకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. దానికి ఖర్చేమీ లేదు. ఆ తర్వాతే కేసు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, అమ్మినవాళ్లు ఢిల్లీలో ఉన్నా సరే, సెక్షన్ 34 ఆ వీలు ఇచ్చింది. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అమ్మినవాళ్లతోపాటు ఆ ఆన్‌లైన్ వేదికను కూడా ప్రతివాదిగా చేర్చండి. అమ్మకందారు చిరునామా తెలియకపోతే వేదికను రాతపూర్వకంగా అడగండి, ఇవ్వడం వాళ్ల బాధ్యత. లోపల ఎన్ని ఉన్నాయన్నది పరీక్ష లేకుండా తేలదనుకుంటే, సెక్షన్ 38 కింద కమిషనే ఆ జతను సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. విప్పడం అక్కడ జరగాలి. ఆ పరీక్ష ఫీజు మాత్రం ముందు మీరే కట్టాలి, 6,800 రూపాయల వస్తువుకు అది భారమే. అందుకే మెయిల్ మీద అంతగా పట్టుబడుతున్నాను. పరీక్ష అవసరమైన కేసులను 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. దానికి సిద్ధపడి వెళ్లండి.

2 లక్షల సంగతి. అడగడానికి అడ్డు లేదు గానీ, అడగొద్దని నా సలహా. 6,800 రూపాయల ఇయర్‌ఫోన్‌కు 2 లక్షలు అడిగితే, న్యాయమైన మీ ఫిర్యాదు కూడా డబ్బు కోసం వేసినట్టు కనిపిస్తుంది. కట్టిన ధర, దాని మీద వడ్డీ, ఖర్చులు, టెన్షన్ పడినందుకు ఓ మోస్తరు పరిహారం, ఇంతవరకు అడగండి.

ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది కాబట్టి కంగారు అక్కర్లేదు. కంగారు పడాల్సింది ప్రకటన పేజీ గురించి. మీ మెయిల్ అందగానే ఆ ‘5’ను మార్చేయడానికి వాళ్లకు నిమిషం పట్టదు. కాబట్టి మెయిల్ పంపకముందే ఆ పేజీని పైనుంచి కిందిదాకా, తేదీ కనిపించేలా స్క్రీన్ రికార్డు చేయండి. బిల్లు, పెట్టె మీద ముద్రించిన వివరాలు ఫొటో తీయండి. పెట్టె పారేయకండి.